ఫిల్టరు లోపలి వైపు

జూలై 2

మామయ్యకి,

పాలగిన్నెని సస్పెండ్ చేశారు. చేసింది మా డిపో మేనేజరు. తప్పు ఎవరో ఒకరి మెడకి చుట్టాలి కాబట్టి, చేతికందిన మెడ ఆయనది కాబట్టి. ఈ మాట ముందు రాసేస్తే గానీ మిగతాది రాయలేను. ఇక క్షేమం: నేను బాగున్నాను, అమ్మ బాగుంది, అమ్మ మోకాలు మాత్రం రోజూ మెట్లతో గొడవ పడుతోంది.

పాలగిన్నె నీకు తెలీదు. నువ్వు ఆ రాళ్ల క్వారీలో జనరేటర్ల పనికి వెళ్లాక మా డిపోకి బదిలీ మీద వచ్చిన డ్రైవరు. బస్సులో పాలగిన్నె పెట్టుకున్నట్టు నడుపుతాడని ఆ పేరు వచ్చింది. ఆయన బండిలో నిలబడ్డ ముసలమ్మ కూడా కమ్మీ పట్టుకోనక్కర్లేదు.

పోయిన గురువారం, ఆసుపత్రి దగ్గరి ఎక్కుడు రోడ్డు. బండిలో నలభై మంది. సగం ఎక్కేసరికి ఇంజన్ ఆగిపోయింది. బండి నాలుగడుగులు వెనక్కి జారి, ఆయన బ్రేకు బిగించేలోపు కల్వర్టు గోడకి ఆనుకుంది. నిలబడి ఉన్న ఒకావిడ పడిపోయింది, మణికట్టు విరిగింది. ఆవిడని ఆసుపత్రిదాకా నడిపించుకుంటూ తీసుకెళ్లింది పాలగిన్నే. మర్నాడు ఆయన చేతికి మెమో ఇచ్చారు: "ఫిల్టరులో నీరు చేరిందని హెచ్చరించే పసుపు దీపం వెలిగినా లెక్కచేయక బండి నడిపినందున..."

అబద్ధం! ఆ దీపం వెలగలేదని ఆయన అంటున్నాడు. నేను ఆయన మాట నమ్మి ఊరుకోలేదు. ఫిల్టరు అడుగున నీళ్లు వదిలే మర విప్పి గాజు గ్లాసులో పట్టాను. చుక్క నీరు లేదు. ఆ గ్లాసు తీసుకెళ్లి మేనేజరు బల్ల మీద పెడితే, "కాగితాల మీద డీజిలు కంపు ఎందుకు, తియ్" అన్నాడు.

ఆగస్టు 6న పది గంటలకి విచారణ. ఉద్యోగం తీసేయడానికే ఈ తతంగమంతా అని అందరూ అంటున్నారు.

నువ్వు పాత ఇంజన్ల మనిషివి కాబట్టి ఒక్కమాట విడమరిచి చెప్తాను. ఇవి కామన్ రైల్ ఇంజన్లు. పాతవాటిలో ఒక్కో ఇంజెక్టరుకి పంపు నుంచి ఒక్కో గొట్టం ఉండేది. వీటిలో అన్ని ఇంజెక్టర్లకీ ఉమ్మడిగా ఒకటే గొట్టం, దాన్నే రైలంటారు. అందులో డీజిలు బస్సు టైరులోని గాలికి రెండు వందల రెట్ల ఒత్తిడితో కాచుకుని ఉంటుంది. తలవెంట్రుక మందంలో ఇరవయ్యో వంతు ఉన్న రేణువు దూరినా ఇంజెక్టరు అరిగిపోతుంది. అందుకే ఫిల్టరు అంత ముఖ్యం.

ఆ బండి ఫిల్టరు మూడు వారాల కిందట నా చేత్తో మార్చాను. నీ పద్ధతిలోనే మార్చాను కాబట్టి పనిలో తప్పుండే ప్రశ్నే లేదు. ఇక మిగిలింది సరుకు. మా స్టోరు ఆయన దొంగ ఫిల్టర్లు తెప్పిస్తున్నాడని నా గట్టి నమ్మకం. ముప్ఫై ఏళ్ల అనుభవం ఉన్న మెకానిక్కుగా నువ్వొక కాగితం రాసి పంపు: ఈ ఆగిపోవడానికి కారణం ఫిల్టరు, డ్రైవరు కాదు అని. కింద సంతకం పెట్టు. మిగతాది నేను చూసుకుంటాను.

మొన్న పాత కాగితాల కొట్టులో దొరికిన చిన్న పుస్తకంలో ఒక వాక్యం ఉంది: "మౌనం కూడా ఒక సంతకమే." నీకు నచ్చుతుంది.

బిగించిన పిడికిలితో,
నీ మేనకోడలు

*

జూలై 8

చిరంజీవి కరపత్రానికి,

నీ ఉత్తరం ఎప్పట్లాగే కరపత్రంలా ఉంది, విప్పితే గదిలో ఉక్క పెరిగింది. అయినా ఫోన్ చేయకుండా కాగితం మీద అరిచినందుకు సంతోషం. ముప్ఫై ఏళ్లు ఇంజన్ల పక్కన నిలబడి నా చెవులు వాటికే ఇచ్చేశాను. ఫోన్లో నువ్వు మాట్లాడేది నా పక్క గదివాడికి బాగా అర్థమవుతుంది, నాకు కాదు.

ఇక్కడ అంతా రాతి పొడి. కళ్లజోడు మీద, దిండు కింద, అద్దం వెనక. పొద్దున లేచి మొహం కడిగితే నా మొహం కింద ఇంకో మొహం బయటపడుతుంది. మీ అమ్మకి చెప్పు, మోకాలికి నూనె రాసుకోవడం కాదు, మెట్లెక్కడం తగ్గించమను. చెప్తే వినదనుకో. మన ఇంటి ఆడవాళ్లు ఎవరు విన్నారు గనక.

డ్రైవరు సంగతి చదివాను. ఉరుము ఉరిమి మంగళం మీద పడ్డట్టు, ఇంజన్ ఆగితే స్టీరింగు పట్టుకున్నవాడి మీద పడడం కొత్తేం కాదు. గ్లాసులో పట్టి చూశావు, మంచి పని. నీళ్లు లేవంటే దీపం వెలగలేదనే లెక్క. ఆ గ్లాసు దాచు.

సంతకం మాత్రం పెట్టను. కోపం తెచ్చుకోకు. చూడని ఇంజన్‌కి సంతకం పెట్టడం, చూడని పిల్లవాడికి పెళ్లి కుదర్చడం నా వల్ల కాదు. విప్పిన ఫిల్టరు పారేయలేదు కదా? కోసి చూడు. లోపలి కాగితం మడతలు విప్పితే అదే చెప్తుంది. అది చెప్పేదాకా స్టోరు ఆయన పేరు ఎక్కడా రాయకు. నిప్పు లేనిదే పొగ రాదంటారు గానీ, డీజిలు ఇంజన్ల దగ్గర ఆ సామెత చెల్లదు.

ఇంకొకటి. నీ పద్ధతిలోనే అని ఒక్క ముక్కలో రాసేశావు. బిగించేటప్పుడు ఏం చేశావో వరసగా రాయి.

ఆశీస్సులతో,
మామయ్య

*

జూలై 14

మామయ్యకి,

దొరికింది! కోసి చూశాను, నువ్వు చెప్పినట్టే. డబ్బా తొడుగు ఊడగానే మడతల నిండా మెరుపు. ఇనుప రజను! వేలితో తీస్తే చెమ్కీ అంటుకున్నట్టు అంటుకుంది. బండ్ల కింది గుంతలో, పిట్లో, పనిచేసేవాళ్లంతా చుట్టూ మూగారు. "ఇంత ఇనుము తాగి ఏ ఇంజన్ బతుకుతుంది" అన్నారు. నేను అదే మాట పెద్దక్షరాల్లో పెట్టి రెండు వందల కాపీలు వేయించాను. పైన శీర్షిక: "ఫిల్టరులో ఇనుము, స్టోరులో దొంగ." డిపో గోడ మీదా, గేటు దగ్గరా, రెండు బస్టాపుల్లోనూ అంటించాం.

పేరు రాయొద్దన్నావు. రాయలేదు. కానీ మా డిపోకి ఉన్నది ఒకటే స్టోరు, అందులో కూర్చునేది ఒకడే మనిషి.

నిన్న ఆయన కిటికీలోంచి పిలిచాడు. నేను వెళ్లగానే లేచి నిలబడ్డాడు.

"ఏమ్మా, నువ్వేనా రాసింది?"

"నేనే. గుమ్మడికాయల దొంగెవరంటే భుజాలు తడుముకుంటున్నారేం?"

"తడుముకోక? మా అమ్మాయి బస్టాపులో చదివొచ్చింది. నాన్నా, స్టోరులో దొంగ అంటే నువ్వేనా అని అడిగింది. ఏం చెప్పమంటావు?"

"నిజం చెప్పండి."

"నిజమే చెప్పాను తల్లీ. అది నమ్మలేదు. అచ్చులో ఉంది కదా అంది."

జాలి వేయలేదని చెప్పను. కానీ పాలగిన్నెకీ ఇద్దరు పిల్లలున్నారు. ఒకరి కన్నీళ్లకి ఇంకొకరి కన్నీళ్లు సమాధానం కాదని పుస్తకాల్లో చదివాను. కాబట్టి గట్టిగా ఉన్నాను.

ఇప్పుడైనా సంతకం పెడతావా? రుజువు కావాలన్నావు, ఇచ్చాను. ఆ రజను చిటికెడు కాగితంలో చుట్టి ఈ ఉత్తరంలో పెడుతున్నాను. విప్పేటప్పుడు జాగ్రత్త, తుమ్మకు.

విజయానికి చేరువలో,
నీ మేనకోడలు

*

జూలై 19

చిరంజీవి కరపత్రానికి,

దేంతో కోశావు?

చెప్పనక్కర్లేదు. నువ్వు పంపిన రజను అద్దం కింద పెట్టి చూశాను. సన్న సన్న వంకీలు, ఒకవైపు నీలంగా కమిలినవి. హాక్సా బ్లేడుతో డబ్బా కోస్తే రాలేవి అవే. అరిగిన పంపులోంచి వచ్చే పొడి అలా ఉండదు, పిండిలా ఉంటుంది. నువ్వు స్టోరు ఆయన్ని దొంగని చేసింది నీ రంపం రాల్చిన పొట్టుతో.

తప్పు నాది కూడా. కోయమన్నాను గానీ దేంతో కోయాలో చెప్పలేదు. ఫిల్టరుని రంపంతో కోయకూడదు. గొట్టాలు కోసే పైపు కట్టరు తీసుకో. దాని చక్రం నొక్కుతూ తిరుగుతుంది, పొట్టు రాల్చదు. అదే రోజు నువ్వు మార్చిన బండ్లు ఇంకా ఏవైనా ఉంటే ఒకదాని ఫిల్టరు విప్పి కోసి చూడు. బయటి మడతలు చూడు. తర్వాత మధ్య గొట్టం లోపల, అడుగున చూడు.

కరపత్రాలు చింపెయ్. ఈ రోజే.

మళ్లీ అడుగుతున్నాను, ఈసారి జవాబు ఎగ్గొట్టకు. కొత్త ఫిల్టరు చేతిలోకి తీసుకున్నప్పటి నుంచి ఇంజన్ స్టార్టయ్యేదాకా ఏం చేశావు? ఒక్కటీ వదలకుండా రాయి.

మామయ్య

*

జూలై 24

మామయ్యకి,

నీ ఉత్తరం చదివి రెండు రోజులు నీకు జవాబు రాయకూడదనుకున్నాను. రంపం సంగతి ఒప్పుకుంటాను. అదే రంపంతో ఇంకో పాత డబ్బా కోసి చూశాను, అదే మెరుపు. నా చెవులు ఎర్రబడ్డాయి. కానీ నువ్వు రాసిన తీరు! "ఈసారి జవాబు ఎగ్గొట్టకు" అట! అంటే ఏమిటి? నన్నే అనుమానిస్తున్నావా? స్టోరు ఆయనా నువ్వూ ఒకప్పుడు ఒకే షెడ్డులో పనిచేశారని అమ్మ నిన్న చెప్పింది. నాకు ఈ మాట ముందెందుకు చెప్పలేదు? పాత స్నేహితుడి కోసం మేనకోడలి మీద అడ్డ ప్రశ్నలు వేస్తున్నావని అనుకుంటే తప్పా?

కరపత్రాలు చింపలేదు. ఇనుము గురించి తప్పయితే అయింది, సరుకు నకిలీదే అయ్యుండొచ్చు కదా అనుకున్నాను.

ఆదివారం పాలగిన్నె ఇంటికి వెళ్లాను. ఆయన వరండాలో కూర్చుని, కాలు ఊడిన కుర్చీకి మేకు కొడుతున్నాడు. మేకు కూడా మెల్లగానే కొడతాడు మామయ్యా, దానికి నొప్పి పుడుతుందేమో అన్నట్టు. కరపత్రం చూపించాను.

"మంచిదే అమ్మా, కానీ నన్ను బయటపడేయడానికి ఇంకొకణ్ని లోపలికి తోయకు."

"మరి దోషి ఎవరో ఒకరు ఉండాలి కదా, అన్నా!"

"ఉంటాడు. దొరికినవాడే అయ్యుండాలని లేదుగా."

దాంతో నాకు ఇంకా ఒళ్లు మండింది. మంచితనం ఒక్కోసారి ఎంత చిరాకు పుట్టిస్తుందో!

సరే. నువ్వు చెప్పినట్టు పైపు కట్టరు తెచ్చాను. ఈ కొత్త ఇంజన్లకి అంతకుముందు ఫిల్టర్లు కంపెనీ వాళ్లే మార్చేవాళ్లు. ఆ వారం నేను మొదటిసారి మార్చినవి మొత్తం ఆరు బండ్లు. ఒకటి ఆగిపోయింది. మిగతా ఐదూ ఇంకా రోడ్డు మీదే ఉన్నాయి. వాటిలో ఒకదాని ఫిల్టరు విప్పి కోశాను. బయటి మడతలు నల్లగా ఉన్నాయి. అంటే ట్యాంకు నుంచి వచ్చిన మురికిని ఆపింది. కాగితం ఎక్కడా చిరగలేదు, జిగురు వదల్లేదు. మామయ్యా, సరుకు అసలైనదే. స్టోరు ఆయన దొంగ కాదు. ఈ వాక్యం రాయడానికి నాకు పావుగంట పట్టింది.

కానీ మధ్య గొట్టం అడుగున చిటికెడు బురద ఉంది. తుప్పు రంగులో. కాగితం దాటి శుభ్రపడ్డ డీజిలు మాత్రమే వెళ్లే చోట! కాగితం చిరగకుండా ఆ బురద లోపలికి ఎలా వచ్చింది? తలుపులేసి ఉన్న గదిలో దొంగ ఉన్నట్టుంది. దీనికి జవాబు నీ దగ్గరుంటే చెప్పు.

ఇక నువ్వడిగిన వరస. పాత ఫిల్టరు విప్పాను. కూర్చునే చోటు గుడ్డతో తుడిచాను. కొత్త ఫిల్టరు రబ్బరు ఉంగరానికి డీజిలు రాశాను. నువ్వు వెళ్తూ ఇచ్చిన ముక్కు డబ్బాలోంచి ఫిల్టరు నిండా డీజిలు పోశాను, మధ్య చిల్లులోంచి, అంచుదాకా. "ఎండు ఫిల్టరు బిగించినవాడు గాలితో సంసారం చేస్తాడు" అని నువ్వు నేర్పిందే. బిగించాను. ఒక్క తిప్పుకి స్టార్టయింది. ఆరు బండ్లూ అంతే. ఒక్కటీ వదలలేదు. చాలా?

కోపంగా, అయినా నీ మేనకోడలు

*

జూలై 28

అమ్మలూ,

ఈసారి ఎగతాళి లేదు. నువ్వు వరసగా రాశావు, నేనూ వరసగా రాస్తాను.

ఫిల్టరు నోటి దగ్గర చుట్టూ చిన్న చిల్లులుంటాయి, మధ్యలో ఒకటే పెద్దది. చుట్టూ ఉన్నవాటిలోంచి మురికి డీజిలు లోపలికి వస్తుంది. కాగితం దాటి, మధ్య చిల్లులోంచి శుభ్రంగా బయటికి పోతుంది. మధ్యలో మనం డబ్బాతో పోసిన డీజిలు కాగితం దాటదు. డబ్బాలో ఉన్న తుప్పూ దుమ్మూ నేరుగా పంపుకి, రైలుకి, ఇంజెక్టర్లకి పోతాయి. పాత ఇంజన్లు ఆ మురికి మింగి తేన్చేవి. ఇవి మింగలేవు. వీటికి ఫిల్టరు పొడిగానే బిగించాలి. తర్వాత పక్కనున్న చేతిపంపు ఒత్తుతూ డీజిలుని దాని దారిన అదే నింపుకునేలా చేయాలి. పది నిమిషాలు చెయ్యి నొప్పి పుడుతుంది, అంతే.

నీ చెయ్యి తప్పు చేయలేదు. చెయ్యి నేర్చుకున్నదే తప్పు. నేర్పింది నేను.

ఇంకా ఉంది. నీ మొదటి ఉత్తరంలో నాకు కామన్ రైల్ పాఠం చెప్పావు చూడు, అది చదివి నవ్వలేదు, తల దించుకున్నాను. పోయిన ఏడాది ఎండాకాలం ఇక్కడికి కొత్త జనరేటరు వచ్చింది. అదీ ఇలాంటిదే. నేను దాని ఫిల్టరు నిండా పోసి బిగించాను. ఇరవై రోజులకి ఆగిపోయింది. కంపెనీ మెకానిక్కు వచ్చాడు, నీ వయసు కుర్రాడే. ఫిల్టరు కోసి, మధ్య గొట్టంలో బురద చూసి, "దీన్ని ఎవరు నింపి బిగించారు?" అని అడిగాడు. నేను తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. జనరేటరు నడిపే ఆపరేటరు కల్తీ డీజిలు పోశాడని రాసుకున్నారు. అతను నాతో ఒకే గదిలో ఉండేవాడు. మర్నాడు పని పోయి పెట్టె సర్దుకుని, వెళ్తూ వెళ్తూ నాకు దండం పెట్టాడు. "పెద్దాయనా, మీరుంటే నా తరఫున మాట్లాడేవారు, మీకు వినపడలేదేమో" అన్నాడు. వినపడింది.

అప్పుడే నీకు రాసి ఉంటే ఈ బస్సు ఆగేది కాదు. రాయలేదు. నేను నేర్పిన చెయ్యి అని నువ్వు నలుగురిలో చెప్పుకుంటావని మీ అమ్మ చెప్పింది. ఆ మాట పోగొట్టుకోబుద్ధి కాలేదు.

స్టోరు ఆయన, నేను ఒకే షెడ్డులో పనిచేసిన మాట నిజం. అతను నిక్కచ్చి మనిషి. అంతకన్నా ఏం లేదు.

ఇప్పుడు నా మాట విను. ఆ ఐదు బండ్ల ఫిల్టర్లూ నిదానంగా, ఒక్కొక్కటే, పొడిగా మార్చెయ్. ఎవరికీ ఏమీ చెప్పకు. పాలగిన్నెకి ఇంకో నాలుగేళ్ల సర్వీసే ఉండొచ్చు, ఏదో మందలించి వదిలేస్తారు. నీకింకా ముప్ఫై ఏళ్ల సర్వీసు ఉంది. విచారణలో నోరు విప్పావంటే ఈ పని ఇక నీకు ఎక్కడా దొరకదు. ఇది భయం అనుకో, మామయ్య అనుకో.

మామయ్య

*

ఆగస్టు 2

మామయ్యకి,

నీ ఉత్తరం పిట్లో నిలబడి చదివాను. మొదటి పేజీకి ఏడ్చాను, చివరి పేజీకి కోపం వచ్చింది. ఆ రెండింటి మధ్యలో పాలగిన్నె మాట గుర్తొచ్చింది: దొరికినవాడే దోషి అవ్వాలని లేదు. నేను దొరకలేదు. అంతే తేడా.

నిదానంగా మార్చేయమన్నావు. మారిస్తే ఇకముందు వెళ్లే డీజిలు శుభ్రపడుతుంది, ఇప్పటికే రైలులోకి దూరినది వెనక్కి రాదు కదా? ఐదు బండ్ల ఇంజెక్టర్లకీ సీసాలు కట్టి, ఏది ఎంత డీజిలు వెనక్కి వదులుతోందో కొలవాలి, అరిగినదైతే ఎక్కువ వదులుతుంది. దానికి బండ్లు ఆపాలి. ఎవరికీ చెప్పకుండా బండి ఎలా ఆపుతాను? రేపు ఇంకొకటి అదే ఎక్కుడు మీద ఆగితే, ఈసారి కల్వర్టు గోడ సరిగ్గా అక్కడే ఉంటుందా?

అందుకే ముందు మేనేజరు గదికి వెళ్లాను.

"సార్, పాలగిన్నె బండి చెడింది నా వల్ల. ఫిల్టరు నింపి బిగించాను. ఐదు బండ్లు ఆపండి."

ఆయన పెన్ను మూత పెట్టాడు. "నువ్వు చెప్పింది నేను వినలేదు."

"మళ్లీ చెప్తాను."

"చూడమ్మా. మెకానిక్కు తప్పంటే డిపో తప్పు. డిపో తప్పంటే నా తప్పు. డ్రైవరు తప్పంటే డ్రైవరుదే. ఇంత చిన్న విషయం నీ పుస్తకాల్లో లేదా?"

"బండ్లు ఆపండి సార్."

"ఆపితే జనాన్ని నువ్వు భుజాన మోస్తావా? పో, పని చూసుకో."

చూశావా మామయ్యా! తప్పు ఒప్పుకుందామన్నా కూడా ఒప్పుకోనివ్వని చోటు ఇది. నువ్వు దాచావు, ఆయన దాచమంటున్నాడు. దాచిన ప్రతిచోటా ఒక డ్రైవరో, ఒక ఆపరేటరో పెట్టె సర్దుకుంటున్నాడు.

అక్కడినుంచి స్టోరుకి వెళ్లాను. కిటికీ బయట నిలబడి, లైనులో నలుగురు వింటుండగా, "మీరు దొంగ కాదు. నేను రాసింది అబద్ధం. క్షమించండి" అన్నాను. ఆయన బోల్టుల లెక్క పూర్తి చేసి చీటీ మీద రాసుకున్నాడు. తర్వాత, "ఇదే మాట అచ్చులో వస్తే మా అమ్మాయికి చూపిస్తాను. నోటి మాట అది నమ్మదు" అన్నాడు. ఫిల్టరు సంగతి మొత్తం చెప్పాను. అప్పుడు ఆయన వంగి, తన బల్ల కాలు కింద నుంచి ఒక లావుపాటి పుస్తకం లాగాడు. బల్ల ఒక పక్కకి ఒరిగింది.

"బండ్లతో పాటు రెండొచ్చాయి. ఒకటి మేనేజరు గారు తీసుకెళ్లి బీరువాలో పెట్టారు. ఇది ఇక్కడ రెండేళ్లుగా బల్లని మోస్తోంది. మన భాషలో లేదు, ఎవరూ అడగలేదు."

విప్పి చూశాం. ఆరు భాషలున్నాయి, మనది లేదు. కానీ ఫిల్టరు పేజీలో భాష అక్కర్లేని బొమ్మ ఉంది. నోరు పైకి పెట్టిన ఫిల్టరు, దాంట్లోకి పోస్తున్న డబ్బా, దాని మీద అడ్డంగా పెద్ద ఇంటూ గుర్తు. నా తప్పు బొమ్మ గీసి రెండేళ్లుగా అక్కడే ఉంది. ఆయన సిగ్గుపడ్డాడు, నేనూ సిగ్గుపడ్డాను. సిగ్గుపడనిది బీరువా ఒక్కటే.

పాత కరపత్రాలు ఇవాళ మధ్యాహ్నం ఇద్దరం కలిసి చింపాం. ఆయన కత్తిపీట లాంటి స్క్రేపరు పట్టుకొచ్చాడు, గోడ మీద జిగురు కూడా వదల్లేదు.

నా ఉద్యోగం పోవచ్చు. పోనీ. పని నా చేతుల్లో ఉంటుంది, ఇప్పుడు సరైన పని ఉంటుంది. నువ్వు నేర్పిన చెయ్యి అని నలుగురిలో ఇంకా చెప్తాను, కానీ సగం కథ చెప్పను. మిగతా సగం నువ్వు చెప్పాలి. విచారణలో చూపించడానికి నాకు నీ సంతకం కావాలన్నాను మొదట. ఇప్పుడు వద్దు. ఆ సంతకం నీ క్వారీ ఆఫీసులో పెట్టు. ఆపరేటరు కల్తీ డీజిలు పోయలేదు, నేనే ఫిల్టరు నింపాను అని రాసి కింద పెట్టు. అతను ఏ ఊళ్లో ఉన్నాడో కనుక్కుని అతనికీ ఒక కాపీ పంపు. నన్ను భయపెట్టకు, నాతో నిలబడు. నువ్వు నా గురువువి కాబట్టే ఇంత గట్టిగా మాట్లాడుతున్నాను, వేరేవాళ్లయితే ఈపాటికి ఉత్తరం ముగించేసేదాన్ని.

ఆ ఐదు బండ్ల డ్రైవర్లకి విషయం చెప్పాను, ఆరో తారీకు దాకా ఎక్కుడు రోడ్డు తప్పించి నడుపుతామన్నారు. కొత్త కరపత్రం అచ్చయింది. ఇందులో పెద్ద మాటలు లేవు, పుస్తకాల్లోంచి ఒక్క వాక్యం కూడా తీసుకోలేదు. స్టోరు ఆయన అచ్చుతప్పులు దిద్దాడు. ఇదీ పాఠం:

"డ్రైవర్లకీ, కండక్టర్లకీ, మెకానిక్కులకీ, మన బస్సులెక్కే వాళ్లందరికీ.

ఆసుపత్రి ఎక్కుడు మీద బస్సు ఆగింది డ్రైవరు వల్ల కాదు. హెచ్చరిక దీపం వెలగలేదు, ఫిల్టరులో నీళ్లు లేవు. ఆ ఫిల్టరుని డీజిలుతో నింపి బిగించినది నేను, ఈ డిపో మెకానిక్కుని. ఈ ఇంజన్లకి అలా చేయకూడదు. అలా చేయకూడదని చెప్పే పుస్తకం రెండేళ్లుగా మేనేజరు గారి బీరువాలో ఉంది. మాకు ఎవరూ చూపించలేదు, మేమూ అడగలేదు. స్టోరులో ఫిల్టర్లు అసలైనవే. వాటి గురించి ముందు నేను వేసిన కాగితం అబద్ధం. స్టోరు ఆయన్నీ, ఆయన కుటుంబాన్నీ క్షమాపణ అడుగుతున్నాను.

నేను అలాగే బిగించిన బండ్లు ఇంకా ఐదు ఉన్నాయి. వాటిని పరీక్షించకుండా రోడ్డు మీదకి పోనివ్వం. ఐదింటి నంబర్లూ కింద ఉన్నాయి. మీ ఎదుటే ఫిల్టర్లు కోస్తాం, ఇంజెక్టర్లకి సీసాలు కడతాం, ఎలా బిగించాలో అందరికీ చూపిస్తాం. ఆ సీసాలు పట్టుకునే పది గంటలకి విచారణ గదికి నడుస్తాం. డ్రైవరు ఒక్కడే ఆ గదిలోకి వెళ్లడు.

ఆగస్టు 6, పొద్దున సరిగ్గా ఆరు గంటలకి, మూడో పిట్ దగ్గరికి రండి. ఆలస్యం చేయకండి. మనం అడ్డం లేకపోతే ఆ ఐదింటిలో మొదటి బండి ఆరుంబావుకి గేటు దాటుతుంది."